తుడిచేసే ముందు ఒకసారి చదవండి: లైనక్స్‌లో ఆ వింత ఫైళ్ల సంగతి

(నెల్లూరులో ఒక ఆదివారం ఇంజినీరింగ్ విద్యార్థులకూ, చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లకూ ఇచ్చిన ప్రసంగ పాఠం. మధ్యలో సభ నుంచి వచ్చిన ప్రశ్నలు కూడా అట్నే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా వచ్చారని చెప్పారు, ఈ ఎండల్లో అంత దూరం వచ్చినందుకు సంతోషం. నేరుగా విషయంలోకి వెళ్దాం. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉన్నవాళ్లు టెర్మినల్ తెరిచి, ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌హెచ్ అని కొట్టి, పక్కన /ప్రాక్/కెకోర్ అని ఇవ్వండి. సైజు ఎంత చూపిస్తోంది?

(సభలోంచి: 128టీ అని వస్తోంది సార్.)

128 టెరాబైట్లు. బైట్లలో చెప్పాలంటే 140 లక్షల కోట్లకు పైనే. మీ డిస్క్ చూస్తే 512 జీబీ, మహా అయితే ఒక టీబీ. మరి అంత ఫైలు దాంట్లో ఎట్లా పట్టింది? ఈ ప్రశ్న నాకు చాలామంది ఫోన్ చేసి అడిగారు, అదీ టెన్షన్‌తో. డిస్క్ నిండిపోయిందని ఎర్రగుర్తు వస్తుంది, పెద్ద ఫైళ్లు ఎక్కడున్నాయా అని వెతుకుతారు, అన్నిటికంటే పెద్దది ఇదే కనబడుతుంది, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయ్యి, ఫైలు తీసేసే ఆర్‌ఎం కొడతారు, పోదు. అంతే, వైరస్ వచ్చిందని అనుకుంటారు.

వైరస్ కాదు, డిస్క్‌లో అది ఒక్క బైటు కూడా తీసుకోవడం లేదు. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము, తన వాడకానికి ఉంచుకున్న అడ్రస్‌ల విస్తీర్ణం అంత ఉంటుంది, దాన్నే సైజుగా చూపిస్తోంది. మీరు ఆ ఫైల్లోంచి ఒక చోట చదివితే, కెర్నల్ అప్పటికప్పుడు మెమరీలో ఆ చోట ఏముందో తెచ్చి ఇస్తుంది. జీడీబీ లాంటి డీబగ్గర్ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేది) నడుస్తున్న కెర్నల్‌లోకి తొంగి చూడాలంటే ఒక మార్గం కావాలి, ఆ మార్గమే ఇది. అందుకే దాన్ని కోర్ ఫైలు (దీని సంగతి తర్వాత చెప్తాను) ఆకారంలో, అంటే డీబగ్గర్‌కు అర్థమయ్యే ఈఎల్‌ఎఫ్ పద్ధతిలో చూపిస్తారు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, బ్యాకప్ స్క్రిప్టులో /ప్రాక్, /సిస్ రెండిటినీ మినహాయించండి. ఆ రెండిటినీ కూడా కాపీ చెయ్యబోయి తెల్లవార్లూ ఆగకుండా తిరిగిన బ్యాకప్‌లు నేను చూశాను.

ఇప్పుడు దానికి పూర్తి వ్యతిరేకం చూడండి. /ప్రాక్/మెమ్‌ఇన్ఫో సైజు చూడండి, సున్నా. కానీ లోపలున్నది చూపించే క్యాట్ కొడితే పేజీ నిండా వస్తుంది. ఇదీ అదే సంగతి. డిస్క్ మీద ఏమీ లేదు, మీరు తెరిచినప్పుడు కెర్నల్ అప్పటి లెక్కలు రాసి ఇస్తుంది. ఇది లైనక్స్ వాళ్లు కనిపెట్టింది కూడా కాదు. 1984లో టామ్ కిలియన్ అనే ఆయన బెల్ ల్యాబ్స్‌లో ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్ కోసం ఈ /ప్రాక్ తయారుచేశాడు. అంతకుముందు పీఎస్ లాంటి ప్రోగ్రాములు ఏ ప్రాసెస్, అంటే ఏ ప్రోగ్రాము, నడుస్తోందో తెలుసుకోవడానికి కెర్నల్ మెమరీని నేరుగా తవ్వి చదివేవి, కెర్నల్‌లో ఒక స్ట్రక్చర్ (డేటా అమరిక) మారితే ఆ ప్రోగ్రాము పాడైపోయేది. ప్రాసెస్‌నే ఫైలుగా చూపించేస్తే ఎవరైనా మామూలుగా తెరిచి చదువుకోవచ్చు కదా అనేది ఆయన ఆలోచన. నలభై ఏళ్లయినా ఇప్పటికీ మనం పొద్దున లేస్తే వాడుతున్నది అదే.

/ప్రాక్ లోపల అంకెల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి, ఒక్కో అంకె ఒక్కో ప్రాసెస్. అందులో నేను ఎక్కువగా వాడేది ఎఫ్‌డీ అనే ఫోల్డరు. ఆ ప్రాసెస్ తెరిచి పెట్టుకున్న ప్రతి ఫైలూ అక్కడ కనబడుతుంది. దీని విలువ తెలియాలంటే ఒక చోట జరిగింది చెప్తాను. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసులో బిల్లింగ్ ఆగిపోయింది, డిస్క్ నూటికి నూరు శాతం నిండింది. అక్కడి కుర్రాడు పెద్ద లాగ్ ఫైలు ఒకటి చూసి తీసేశాడు. అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ నూరు శాతమే చూపిస్తోంది. ఫైళ్ల సైజులు లెక్కపెట్టే డీయూ పెట్టి కూడితే సగం కూడా లేదు. రెండు లెక్కలూ కలవట్లేదని వాళ్లు డిస్క్ పాడైందనుకుని కొత్తదానికి ఆర్డర్ పెట్టబోయారు.

కారణం ఏందంటే, లైనక్స్‌లో ఫైలు పేరు తీసేసినా, దాన్ని ఇంకా ఏదో ప్రాసెస్ తెరిచి పెట్టుకుని ఉంటే ఆ చోటు ఖాళీ కాదు. ఆ ప్రాసెస్ ఫోల్డర్లో ఎఫ్‌డీ లోపల ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొడితే ఆ లాగ్ పేరూ, పక్కన డిలీటెడ్ అనే మాటా కనబడ్డాయి. ఎఫ్‌డీలోని ఆ నంబరు మీదకే ఖాళీని రీడైరెక్ట్ చేస్తే, అంటే ఏమీ లేనిదాన్ని దాని మీద రాస్తే, ఫైలు సున్నా అయిపోయి డిస్క్ ఖాళీ అయింది, బిల్లింగ్ ఆపాల్సిన పని కూడా పడలేదు. ఇంకో సంగతి గుర్తుంచుకోండి, పొరపాటున అవసరమైన ఫైలు తీసేసినా, ఏదైనా ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి ఉంచితే, అదే ఎఫ్‌డీ దారిలోంచి కాపీ చేసే సీపీతో బయటికి తెచ్చుకోవచ్చు. అట్లాంటప్పుడు రీబూట్ కొట్టారో, ఫైలు ఇక శాశ్వతంగా పోయినట్టే. మా దగ్గర "ముందు రీస్టార్ట్ చెయ్ అబ్బయ్యా, తర్వాత చూద్దాం" అనే అలవాటు బాగా ఉంది, దాని మీద నాకు నిజంగా బాధ ఉంది. రీస్టార్ట్ చేస్తే పని నడుస్తుంది, కారణం మాత్రం చెరిగిపోతుంది, పది రోజులకు మళ్లీ అదే ఫోన్.

సరే, క్రాష్ సంగతికి వద్దాం, నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇదే.

నెల్లూరు తీరం వాళ్లకు రొయ్యల చెరువుల గురించి నేను చెప్పక్కర్లేదు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ తక్కువ, ఆ సమయానికి ఏరేటర్లు తిరగకపోతే పంట పోతుంది. అల్లూరు దగ్గర ఒక రైతు తన చెరువుల్లో సెన్సర్లు పెట్టించి, గట్టు మీద షెడ్డులో పాత మినీ పీసీలో లైనక్స్ వేయించుకున్నాడు. ఆక్సిజన్ తగ్గితే ఫోన్ మోగాలి. ఎవరో రాసిచ్చిన ప్రోగ్రాము. పగలంతా బాగా నడుస్తుంది, కొన్ని రాత్రులు మాత్రం చచ్చిపోతుంది. రాసిచ్చినవాళ్లను అడిగితే "మీ కంప్యూటర్ పాతది, లైబ్రరీ ప్రాబ్లమ్" అన్నారు.

నేను వెళ్లాక ముందు డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే మెసేజ్‌ల చిట్టా) చూశాను. ప్రోగ్రాము పేరు, ప్రాసెస్ నంబరు, తర్వాత "సెగ్‌ఫాల్ట్ ఎట్ 0", తర్వాత ఐపీ అని ఒక పెద్ద అంకె, ఎస్‌పీ అని ఇంకో అంకె, "ఎర్రర్ 4 ఇన్ లిబ్‌సీ" అని ఒక లైను. ఈ లైను మీరందరూ చూసే ఉంటారు, చూసి వదిలేసే ఉంటారు. అందులో ప్రతి ముక్కా పనికొచ్చేదే. సెగ్‌ఫాల్ట్ అంటే ప్రోగ్రాము ముట్టుకోకూడని మెమరీని ముట్టుకోబోయిందని. ఎట్ తర్వాత ఉన్నది ప్రోగ్రాము ముట్టుకోబోయిన అడ్రస్. సున్నా అంటే నల్ పాయింటర్ (పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి అడ్రస్‌ను పెట్టుకునేది), అంటే ఎక్కడో "విలువ లేదు" అని తిరిగొచ్చిన పాయింటర్‌ను చూసుకోకుండా వాడేశారు. ఐపీ అంటే ఆ క్షణంలో నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ ఉన్న చోటు, ఎస్‌పీ అంటే స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో గుర్తుండే మెమరీ) ఉన్న చోటు. ఇక ఎర్రర్ పక్కనున్న అంకె, ఇది బిట్‌లుగా చదవాలి: 1 ఉంటే పేజీ (మెమరీలో ఒక ముక్క) ఉంది గానీ అనుమతి లేదు, లేకపోతే అసలు పేజీయే లేదు, 2 ఉంటే రాయబోయింది, లేకపోతే చదవబోయింది, 4 ఉంటే యూజర్ ప్రోగ్రాము చేసిన పని. కాబట్టి 4 ఒక్కటే ఉంటే లేని పేజీని చదవబోయిందని, 6 అంటే లేని పేజీలో రాయబోయిందని, 7 అంటే రాయకూడని పేజీలో రాయబోయిందని. ఇది ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) యంత్రాల లెక్క, ఏఆర్ఎమ్ బోర్డుల్లో వేరేగా ఉంటుంది.

"ఇన్ లిబ్‌సీ" అని ఉంది కాబట్టి వాళ్లు లైబ్రరీ మీద తోసేశారు, లిబ్‌సీ అంటే దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడుకునే సీ భాష లైబ్రరీ. లిబ్‌సీలో క్రాష్ అయిందంటే లిబ్‌సీది తప్పని కాదు. దానికి నల్ ఇచ్చినవాడు ఎవడో చూడాలి. అది చూడాలంటే కోర్ ఫైలు కావాలి.

కోర్ ఫైలు అంటే ఏందంటే, ప్రోగ్రాము చచ్చిపోయిన క్షణంలో దాని మెమరీ, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి విలువలు), ప్రతి థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక్కో పని) ఎక్కడుందీ, అన్నీ కెర్నల్ ఒక ఫైల్లో రాసిపెడుతుంది. ప్రమాదం జరిగిన చోట శవాన్ని కదిలించకముందే పోలీసులు పంచనామా రాస్తారే, అట్లాంటిది. దాన్ని చూసి ఎప్పుడైనా, ఇంకో ఊళ్లో, ఇంకో కంప్యూటర్లో కూడా ఏం జరిగిందో చెప్పుకోవచ్చు. మామూలుగా ఇది రాయబడదు, ఎందుకంటే చాలాచోట్ల కోర్ సైజుకు హద్దు పెట్టే యూలిమిట్ హైఫన్ సీ అనేది సున్నాగా పెట్టి ఉంటుంది. రాస్తే ఎక్కడ రాయాలో చెప్పేది /ప్రాక్/సిస్/కెర్నల్/కోర్_ప్యాటర్న్ అనే ఫైలు. దాన్ని ఒకసారి క్యాట్ కొట్టండి, ఒక్కొక్కరికి ఒక్కోటి వస్తుంది.

(సభలోంచి: నాది నిలువు గీతతో మొదలై ఎపోర్ట్ అని ఏదో ఉంది సార్.)

నీది ఉబుంటు, లైనక్స్‌లో ఒక రకం. నిలువు గీత ఉంటే కోర్‌ను ఫైల్లో రాయకుండా ఆ ప్రోగ్రాముకు పైపులో అందిస్తుంది, ఈ సదుపాయం 2.6.19 కెర్నల్ నుంచి ఉంది. ఉబుంటులో క్రాష్‌లను సేకరించే ఎపోర్ట్ అనే ప్రోగ్రాము తీసుకుంటుంది, ప్యాకేజీగా వచ్చిన ప్రోగ్రాము అయితే /వార్/క్రాష్ లో పెడుతుంది. అక్కడ ఫైలు పేరు చూసి భయపడేవాళ్లుంటారు, అండర్‌స్కోర్లతో ఏదో రహస్యంలాగా ఉంటుంది. ప్రోగ్రాము ఉన్న దారిలో స్లాష్‌ల బదులు అండర్‌స్కోర్లు పెట్టి, చివర యూజర్ నంబరు, డాట్ క్రాష్ అని తగిలించారు, అంతే. మీరు సొంతంగా కంపైల్ చేసిన ప్రోగ్రాము క్రాష్ అయితే "కోర్ డంప్డ్" అని తెర మీద కనబడుతుంది గానీ ఫోల్డర్లో ఏమీ ఉండదు, విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఇదే. అప్పుడు /వార్/లాగ్ లో ఎపోర్ట్ లాగ్ చూడండి, ఎందుకు పక్కన పెట్టిందో అక్కడ రాసి ఉంటుంది. కొత్త వెర్షన్లలో అట్లాంటివి /వార్/లిబ్/ఎపోర్ట్/కోర్‌డంప్ లో చేరుతాయి. ఫెడోరా వాళ్లకైతే సిస్టమ్‌డీ‑కోర్‌డంప్ అని ఉంటుంది, వాళ్లు కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ అని కొడితే తేదీలతో సహా పట్టిక వస్తుంది, కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ అంటే నేరుగా డీబగ్గర్‌లో తెరుచుకుంటుంది. నన్నడిగితే ఇదే మంచి ఏర్పాటు. కోర్‌లను కుదించి పెడుతుంది, మామూలుగా డిస్క్‌లో పది శాతం దాటకుండా చూసుకుంటుంది, పాతవి తనే తీసేస్తుంది.

షెడ్డులో ఉన్నది డెబియన్. సర్వీసు ఫైల్లో లిమిట్‌కోర్ ఈక్వల్స్ ఇన్ఫినిటీ అని రాసి, కోర్_ప్యాటర్న్ లో ఒక ఫోల్డరు దారి, పక్కన పర్సెంట్ ఈ, పర్సెంట్ పీ పెట్టి వచ్చాను. పర్సెంట్ ఈ అంటే ప్రోగ్రాము పేరు, పర్సెంట్ పీ అంటే ప్రాసెస్ నంబరు. మళ్లీ రాత్రి చచ్చిపోయినప్పుడు కోర్ దొరికింది. జీడీబీలో తెరిచి బీటీ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వరసగా చూపించే కమాండు) కొడితే, అన్నిటికంటే పైన లిబ్‌సీలో అక్షరాలను అంకెగా మార్చే ఫంక్షన్, దాని కింద ప్రోగ్రాములో సెన్సర్ జవాబును చదివే ఫంక్షన్, దాని కింద మెయిన్. సెన్సర్ జవాబు ఉండాల్సిన చోట నల్. అంటే సెన్సర్ జవాబు ఇవ్వలేదు, ఇవ్వకపోతే ఏం చెయ్యాలో ప్రోగ్రాములో రాయలేదు.

రాత్రే ఎందుకంటే, అప్పుడు కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల మినీ పీసీ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది, సెన్సర్ పెట్టె మాత్రం ఆగి మళ్లీ లేస్తుంది, ఆ కొన్ని సెకన్లు జవాబు రాదు. క్రాష్ అయిన సమయాలూ జనరేటర్ పుస్తకంలో రాసుకున్న సమయాలూ పక్కపక్కన పెడితే కలిసిపోయాయి. ఏరేటర్లు ఆగిపోయే సమయంలోనే అలారమ్ చచ్చిపోతోంది! దీనికి మందు రెండు లైన్ల కోడ్: జవాబు రాకపోతే మళ్లీ అడుగు, అప్పటికీ రాకపోతే ఫోన్ మోగించు. ఆ కోర్ ఫైలు తీయకుండా కంప్యూటర్ పాతదని కొత్తది కొని ఉంటే, కొత్తది కూడా అట్నే చచ్చేది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోర్ ఫైల్లో మామూలుగా ప్రోగ్రాము కోడ్ ఉండదు, అది డిస్క్ మీదున్న ఫైల్లో ఎట్లాగూ ఉంది కదా అని కెర్నల్ వదిలేస్తుంది. ఏవి రాయాలో ఏవి వదలాలో ప్రతి ప్రాసెస్‌కూ కోర్‌డంప్_ఫిల్టర్ అనే ఫైల్లో ఉంటుంది. అందుకని కోర్‌ను వేరే కంప్యూటర్లో తెరవాలంటే సరిగ్గా అదే ప్రోగ్రాము, అవే లైబ్రరీలు కావాలి. "అదే వెర్షనే కదా" అంటే కుదరదు, మళ్లీ కంపైల్ చేస్తే అడ్రస్‌లు జరగొచ్చు. దీన్ని పట్టుకోవడానికి ప్రతి ప్రోగ్రాములో బిల్డ్ ఐడీ అని సాధారణంగా 40 హెక్స్ అక్షరాల గుర్తు ఉంటుంది. /యూఎస్ఆర్/లిబ్/డీబగ్ లోపల డాట్ బిల్డ్‑ఐడీ అనే దాచిన ఫోల్డరు, అందులో రెండేసి అక్షరాల పేర్లతో వందలకొద్దీ ఫోల్డర్లు చూసి "ఇవేంది సార్, హ్యాక్ అయిందా" అని ఒకాయన నన్ను అడిగాడు. ఆ 40లో మొదటి రెండు అక్షరాలు ఫోల్డరు పేరు, మిగతా 38 ఫైలు పేరు. అడ్రస్ ఇస్తే ఏ సోర్స్ ఫైల్లో ఏ లైనో చెప్పే సమాచారం ఆ ఫైళ్లలో ఉంటుంది. ప్రోగ్రాములోనే ఉంచితే సైజు బాగా పెరుగుతుందని విడదీసి పెడతారు. ఈమధ్య ఇవి ముందే దించుకోవాల్సిన పని కూడా తగ్గింది, డీబగ్‌ఇన్ఫోడీ అనే సర్వర్లకు బిల్డ్ ఐడీ పంపితే కావాల్సిన ఫైలు వస్తుంది, జీడీబీ కూడా మొదట్లోనే తెప్పించమంటావా అని అడుగుతుంది.

ఇప్పుడు కెర్నల్ వైపు. /బూట్ లో సిస్టమ్ డాట్ మ్యాప్ అని ఒక ఫైలు ఉంటుంది, పక్కన కెర్నల్ వెర్షన్ తగిలించి. దీన్ని తీసేసినా కంప్యూటర్ బూట్ అవుతుంది, అందుకని చోటు కోసం తీసేస్తుంటారు. తెరిస్తే ఒక్కో లైన్లో అడ్రస్, ఒక అక్షరం, ఒక పేరు. అక్షరం టీ అయితే ఫంక్షన్, డీ అయితే డేటా, బీ అయితే మొదట్లో సున్నాలతో ఉండే డేటా, ఆర్ అయితే చదవడానికి మాత్రమే. పెద్దక్షరం అయితే కెర్నల్ అంతటికీ కనబడేది, చిన్నక్షరం అయితే ఆ ఫైలు వరకే. అడ్రస్‌లతో కెర్నల్ ఏడిస్తే ఆ అడ్రస్ ఏ ఫంక్షన్‌దో వెతుక్కోవడానికి ఇది. పూర్వం క్లాగ్‌డీ అనే ప్రోగ్రాము ఈ ఫైలు చూసే పేర్లు రాసేది. ఇప్పుడు కెర్నలే ఆ పట్టికను తన కడుపులో పెట్టుకుని పేరుతోనే చెప్తుంది. ఊప్స్ (కెర్నల్ లోపలి తప్పును చెప్పే మెసేజ్) వచ్చినప్పుడు ఆర్ఐపీ (ఇందాకటి ఐపీ లాంటిదే) అనే చోట ఫంక్షన్ పేరు, ప్లస్ 0ఎక్స్1ఏ, స్లాష్ 0ఎక్స్40 అని ఉందనుకోండి, 64 బైట్ల పొడవున్న ఫంక్షన్‌లో 26వ బైటు దగ్గర ఆగిందని అర్థం.

డెబియన్ వాళ్లు ఆ ఫైలు తెరిచి చూడండి, వంద బైట్లు కూడా ఉండదు, ఒక్కటే లైను. "అసలు సిస్టమ్ డాట్ మ్యాప్ డీబగ్ ప్యాకేజీలో ఉంది" అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది, ముందు వరసగా ఎఫ్‌లు. పాడైన ఫైలు కాదది, కావాలనే అట్లా పెట్టారు. అసలు పట్టిక ఉన్నా కూడా నడుస్తున్న కెర్నల్‌తో అడ్రస్‌లు కలవవు, 2017లో వచ్చిన 4.12 నుంచి ఎక్స్86లో కెర్నల్ ప్రతి బూట్‌కూ తన చోటు మార్చుకోవడం డిఫాల్ట్ అయింది, దాడి చేసేవాళ్లకు అడ్రస్ తెలియకూడదని. ఇప్పటి అడ్రస్‌లు కావాలంటే /ప్రాక్/కాల్‌సిమ్స్, అది కూడా రూట్‌తో చదవండి, మామూలు యూజర్‌కు అన్నీ సున్నాలు చూపిస్తుంది.

ఇంకో చిన్న ఫైలు, /ప్రాక్/సిస్/కెర్నల్/టెయింటెడ్. కెర్నల్‌ను అనుమానించాల్సిన కారణం ఏమైనా ఉందా అని చెప్పే ఒక అంకె ఉంటుంది. ఎన్‌విడియా వాళ్ల డ్రైవర్ వేసుకున్నవాళ్లలో చాలామందికి 12289 వస్తుంది. 1, 4096, 8192 కలిపితే 12289: ఓపెన్ సోర్స్ కాని మాడ్యూల్ (కెర్నల్‌కు తగిలించే ముక్క), కెర్నల్ బయట తయారైన మాడ్యూల్, సంతకం లేని మాడ్యూల్. మీరు కెర్నల్ వాళ్లకు బగ్ రాస్తే మొదట చూసేది ఈ అంకెనే.

ఇక /సిస్/కెర్నల్/డీబగ్, దీన్నే డీబగ్‌ఎఫ్ఎస్ అంటారు. 2004లో గ్రెగ్ క్రోవా‑హార్ట్‌మన్ దీన్ని తెచ్చాడు. /సిస్ లో ఒక ఫైలుకు ఒకే విలువ అనే నియమం ఉంటుంది, డీబగ్‌ఎఫ్ఎస్‌కు అసలు నియమాలే లేవని కెర్నల్ డాక్యుమెంట్లోనే రాశారు. డ్రైవర్ రాసేవాడు తనకు ఏం కావాలంటే అది అక్కడ పెట్టుకోవచ్చు. కాబట్టి అక్కడి ఫైళ్లకు అర్థం వెతికితే పుస్తకాల్లో దొరక్కపోవచ్చు, ఆ డ్రైవర్ సోర్సే చదవాలి. పైగా రాయడానికి వీలున్న ఫైళ్లలో ఎకో (విలువ రాసే కమాండు) కొట్టి చూద్దామని సరదా పడొద్దు, కొన్ని నేరుగా హార్డ్‌వేర్ రిజిస్టర్లలోకి వెళ్తాయి. చదవడంతో ఆగండి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అయ్యే ఏర్పాటు) ఉన్న చాలా మెషీన్లలో రూట్ అయినా కొన్ని తెరవనివ్వదు, అది కూడా మంచికే.

దానికి చుట్టమే /సిస్/కెర్నల్/ట్రేసింగ్. దీని వెనకున్న ఎఫ్‌ట్రేస్ 2008లో 2.6.27 కెర్నల్‌తో వచ్చింది, స్టీవెన్ రోస్టెడ్ పని. మొదట డీబగ్ లోపలే ఉండేది, 2015లో 4.1 నుంచి విడిగా పెట్టారు. కరెంట్_ట్రేసర్ అనే ఫైల్లో ఫంక్షన్ అని రాస్తే కెర్నల్ పిలుస్తున్న ఫంక్షన్లన్నీ ట్రేస్ అనే ఫైల్లో కనబడతాయి. నాప్ అని రాస్తే ఆగుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ఎకో, క్యాట్ చాలు. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు చదివేవాళ్లు సిలబస్‌లో బొమ్మలు బట్టీ పట్టేదానికి బదులు ఇది ఒక గంట చూస్తే షెడ్యూలర్ (ఏ ప్రాసెస్ ఎప్పుడు నడవాలో తేల్చేది) అంటే ఏందో కళ్లకు కడుతుంది, లెక్చరర్లు కూడా ల్యాబ్‌లో పెట్టాలని నా కోరిక. ఒక తేడా తెలుసుకోండి, ట్రేస్ ఫైలును ఎన్నిసార్లు చదివినా ఉంటుంది, ట్రేస్_పైప్ చదివితే చదివినంత ఖాళీ అయిపోతుంది.

(ప్రశ్న: ప్రోగ్రాము క్రాష్ కాకుండా ఊరికే ఇరుక్కుపోతే? కిల్ హైఫన్ 9 కొట్టినా పోవట్లేదు.)

పీఎస్‌లో స్టేట్ డీ అని చూపిస్తోందా? అయితే అది కెర్నల్ లోపల దేనికోసమో ఎదురుచూస్తోంది, ఎక్కువసార్లు డిస్క్ గానీ నెట్‌వర్క్ డ్రైవ్ గానీ. ఆ ప్రాసెస్ ఫోల్డర్లో స్టాక్ అనే ఫైలు రూట్‌తో చదివితే ఏ ఫంక్షన్‌లో ఆగిందో వస్తుంది, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ డ్రైవ్ పద్ధతి) పేర్లు కనబడితే నెట్‌వర్క్ వైపు చూడండి. డీ లేకుండా మామూలుగా ఇరుక్కుంటే, చంపకముందు జీకోర్ అనే కమాండుకు ప్రాసెస్ నంబరు ఇవ్వండి, బతికున్న ప్రాసెస్‌కే కోర్ తీస్తుంది, ఒక్క క్షణం ఆపి మళ్లీ వదిలేస్తుంది. తర్వాత రీస్టార్ట్ చేసుకోండి, యజమాని ఊరుకోడు కదా, నాకు తెలుసు. రెండు నిమిషాలు చాలు: డీమెసేజ్ ఒక ఫైల్లోకి, ఆ ప్రాసెస్ ఫోల్డర్లోని స్టేటస్, మ్యాప్స్, ఎఫ్‌డీ లిస్టు ఇంకో ఫైల్లోకి, కోర్ ఒకటి.

(ప్రశ్న: కోర్ ఫైలు ఎవరికైనా పంపొచ్చా? వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరైనా చెప్తారేమో.)

వద్దమ్మా, అస్సలు వద్దు. ఆ సమయానికి మెమరీలో ఉన్న పాస్‌వర్డులు, కీలు, కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఎన్‌విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ అందులో ఉంటాయి. బీటీ కొట్టి వచ్చిన టెక్స్ట్ పంపండి, అది కూడా ఒకసారి చదువుకుని, ఫంక్షన్లకు ఇచ్చిన విలువల్లో ఏమైనా రహస్యాలున్నాయేమో చూసుకుని. కోర్‌లు పడే ఫోల్డరు రూట్ తప్ప ఎవరూ చదవకుండా పెట్టండి.

(ప్రశ్న: కెర్నలే పానిక్ అయితే కోర్ ఎవరు రాస్తారు సార్?)

మంచి ప్రశ్న. పానిక్ అంటే కెర్నలే చచ్చిపోవడం. చచ్చిన కెర్నల్‌ను నమ్మి డిస్క్ మీద రాయించలేం. అందుకని ముందే కొంత మెమరీ పక్కన పెట్టి, అందులో ఇంకో చిన్న కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతారు, బూట్ లైన్లో క్రాష్‌కెర్నల్ ఈక్వల్స్ అని కనబడేది అదే. మొదటిది పానిక్ అయితే కెఎగ్జెక్ (నడుస్తున్న చోటి నుంచే ఇంకో కెర్నల్‌ను లేపే పద్ధతి) ద్వారా రెండోది లేస్తుంది, ఈ పద్ధతి 2005లో 2.6.13తో మొదలైంది. లేచాక పాత మెమరీ మొత్తం దానికి /ప్రాక్/విఎంకోర్ అనే ఫైలుగా కనబడుతుంది, మేక్‌డంప్‌ఫైల్ అనే ప్రోగ్రాము అందులో ఖాళీ పేజీలు వదిలేసి, మిగతాది కుదించి /వార్/క్రాష్ లో పెడుతుంది. దాన్ని క్రాష్ అనే టూల్‌తో, ఆ కెర్నల్‌ డీబగ్ సమాచారం ఉన్న విఎం‌లైనక్స్ ఫైలుతో కలిపి తెరవాలి. పాత కెర్నల్ చివరి మాటలు మాత్రం రెడ్‌హ్యాట్ రకాల్లో విఎంకోర్‑డీమెసేజ్ అనే టెక్స్ట్ ఫైల్లో విడిగా పెడతారు, చాలాసార్లు అదొక్కటి చదివితేనే పని తేలిపోతుంది.

మీ సర్వర్లో ఇది సిద్ధంగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు, /సిస్/కెర్నల్/కెఎగ్జెక్_క్రాష్_లోడెడ్ ని క్యాట్ కొట్టండి, 1 వస్తే ఉంది, 0 వస్తే లేదు. ఇంటర్నెట్‌లో చూసి సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కు (కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే ఫైలు) సీ అని ఎకో కొట్టి పరీక్షించబోతారు, అది నిజంగానే కెర్నల్‌ను అప్పటికప్పుడు చంపుతుంది, కాబట్టి ఆఫీసు సర్వర్ మీద కాకుండా వర్చువల్ మెషీన్‌లో చెయ్యండి. మెమరీ పక్కన పెట్టే స్తోమత లేని ల్యాప్‌టాపుల్లో /సిస్/ఎఫ్ఎస్/పీస్టోర్ చూడండి, కొన్ని యంత్రాలు చివరి మెసేజ్‌లను బోర్డు మీదున్న చిన్న మెమరీలో దాచి, మళ్లీ లేచాక అక్కడ చూపిస్తాయి. సిస్టమ్‌డీ ఉంటే వాటిని /వార్/లిబ్/సిస్టమ్‌డీ/పీస్టోర్ లోకి మార్చేసి ఉండొచ్చు, అక్కడ కూడా వెతకండి.

ఇంకెవరికైనా ఉన్నాయా? లేకపోతే ల్యాప్‌టాప్‌లు మూయకండి. సీలో నాలుగు లైన్ల ప్రోగ్రాము రాసి, నల్ పాయింటర్ ద్వారా చదవమని చెప్పి, జీసీసీకి హైఫన్ జీ ఇచ్చి కంపైల్ చెయ్యండి, యూలిమిట్ హైఫన్ సీ అన్‌లిమిటెడ్ కొట్టి నడపండి. ఎవరి కోర్ ఎక్కడ పడిందో మీరే వెతికి పట్టుకోండి, నేను వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.